పాత కూల్‌డ్రింక్ క్యాన్లు: సూరత్, కతర్‌గామ్ నుంచి ఒక పరిశీలన

తాగేసిన కూల్‌డ్రింక్ క్యాన్లలో ఇప్పుడు తయారీలో లేనివాటిని వెతికి పట్టుకోవడం, ఏ దేశానిదో ఏ కాలానిదో తేల్చి భద్రపరచడం చాలా దేశాల్లో స్థిరపడిన అభిరుచి. తపాలా బిళ్ళల సేకరణకూ నాణేల సేకరణకూ ఉన్నంత వయసు దీనికి లేదు. అమెరికాలో బీరు క్యాన్ల సేకర్తలు 1970లో సంఘంగా ఏర్పడ్డాక దీనికి పరిభాష, స్థితిని బట్టి దర్జా కట్టే పద్ధతి వచ్చాయి. కూల్‌డ్రింక్ క్యాన్ల వాళ్ళు వాటినే వాడుకుంటున్నారు. కోకాకోలా వస్తువుల సేకర్తలు 1974లో తమకంటూ వేరే సంఘం పెట్టుకున్నారు.

భారతదేశంలో ఈ అభిరుచిని పరిశీలించడానికి గుజరాత్‌లోని సూరత్ మంచి చోటు. ఈ ఊరికి నూరేళ్ళు దాటిన సొంత కూల్‌డ్రింక్ ఉంది. వ్యాపారం కోసం విదేశాలకు వెళ్ళివచ్చే కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉన్నాయి. నగరానికి ఉత్తరాన తాపీ ఒడ్డున ఉన్న కతర్‌గామ్ వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకూ, పారిశ్రామిక వాడకూ, మరమగ్గాలకూ పేరుపడ్డ పేట. అంత జనం, అంత పని ఉన్నచోట తుక్కు వ్యాపారమూ ఉంటుంది. నది అవతలి ఒడ్డున ఉన్న రాందేర్ వర్తకులకు బర్మాతో, దక్షిణాఫ్రికాతో, రీయూనియన్ దీవితో పాత సంబంధాలున్నాయి. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో ఎన్ని ఉన్నాయంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. ఆ కుటుంబాల బంధువుల్లో గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు తక్కువేమీ కాదు. పాత క్యాన్లు ఇళ్ళలోకి వచ్చింది ఎక్కువగా ఇలాంటి ప్రయాణాల వల్లే.

ఈ వ్యాసం ప్రధానంగా చెప్పేది ఒకటే. క్యాన్ మీది బొమ్మను చూసి వయసు కట్టకూడదు. బొమ్మను కంపెనీ ఎప్పుడైనా మళ్ళీ అచ్చు వేయించుకోగలదు. మూత, అతుకు, అడుగు, చిన్న అక్షరాలు మాత్రం తమ కాలాన్ని దాచుకోలేవు.

క్యాన్ పుట్టుక

క్యాన్‌లో మొదట అమ్మింది బీరు. 1935 జనవరి 24న అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో క్రూగర్ కంపెనీ బీరు క్యాన్లను బజారులో పెట్టింది. కూల్‌డ్రింక్ విషయంలో తొలి ప్రయత్నం 1938 నాటిది. క్లికో క్లబ్ కంపెనీ తన అల్లం పానీయాన్ని గరాటు మెడ ఉన్న ఉక్కు క్యాన్లలో నింపింది. అది నిలబడలేదు. కూల్‌డ్రింక్‌లోని ఆమ్లం బీరులో ఉన్నదానికంటే ఘాటైనది కాబట్టి లోపలి పూత తట్టుకోలేక క్యాన్లు కారాయి, రుచి చెడింది. పూతల సమస్య తేలడానికి, మధ్యలో యుద్ధం కూడా రావడంతో, పదిహేనేళ్ళు పట్టింది. 1953లో కాంట్రెల్ అండ్ కాక్రేన్ కంపెనీ, మరుసటి ఏడు రాయల్ క్రౌన్ పెద్ద ఎత్తున క్యాన్లలోకి దిగాయి. కోకాకోలా 1955లో తూర్పు ఆసియాలోని అమెరికా సైనికుల కోసం క్యాన్లు పంపింది. అమెరికా దుకాణాల్లో వాటిని అమ్మింది 1960లో.

భారతదేశపు కథ వేరు. కోకాకోలా 1950లో ఇక్కడికి వచ్చి, విదేశీ మారక నియంత్రణ చట్టం కింద వచ్చిన షరతులు ఒప్పుకోక 1977లో వెళ్ళిపోయింది. ఆ ఏడే పార్లే వారి థమ్సప్, ప్రభుత్వ రంగంలోని మోడరన్ ఫుడ్స్ వారి డబుల్ సెవెన్ వచ్చాయి. ప్యూర్ డ్రింక్స్ వారి కాంపా కోలా కూడా ఆ ఖాళీలోనే నిలదొక్కుకుంది. గోల్డ్ స్పాట్, లిమ్కా అప్పటికే ఉన్నాయి. ఆ కాలమంతా గాజు సీసాదే రాజ్యం. సీసా తిరిగి కంపెనీకి చేరాలి, దాని మీద డిపాజిట్ ఉంటుంది, కొట్టు దగ్గరే నిలబడి తాగి ఇచ్చేయాలి. కాబట్టి 1970ల నాటి భారతీయ కోలా క్యాన్ అని ఎవరైనా చూపిస్తే సంబరపడేముందు గట్టిగా పరీక్షించాలి. 1990లో లెహర్ పెప్సీ వచ్చింది. 1993 అక్టోబరు 24న ఆగ్రాలో కోకాకోలా మళ్ళీ అడుగుపెట్టి, ఆ ఏడే పార్లే బ్రాండ్లను కొనేసింది. మన బజారులో క్యాన్ మామూలు వస్తువుగా మారింది ఈ 1990ల పోటీలోనే. అందుచేత భారతీయ క్యాన్లలో 'పాతది' అనదగ్గదాన్ని వెతకాల్సింది ఆ దశాబ్దంలో. పేరు ముందు లెహర్ అన్న మాట ఉన్న పెప్సీ క్యాన్, 1996 క్రికెట్ ప్రపంచకప్ పోటీల బొమ్మలున్న క్యాన్లు, 2003 ప్రపంచకప్ సమయంలో కొన్నాళ్ళే అమ్మిన నీలిరంగు పెప్సీ బ్లూ క్యాన్ ఇప్పుడు సేకరించదగ్గవి. అమెరికా సేకర్తకు ఇవి నిన్నటి సరుకుగా కనిపించవచ్చు. మన దేశానికి మాత్రం తొలి తరం క్యాన్లంటే ఇవే.

లోహాన్ని చదవడం

చేతికి క్యాన్ వచ్చినప్పుడు మొదట కావలసింది అయస్కాంతం. ఒంటికి ఒకసారి, మూతకు ఒకసారి తాకించాలి. రెండుచోట్లా అంటుకుంటే పూర్తి ఉక్కు. ఒంటికి అంటుకుని మూతకు అంటుకోకపోతే ఉక్కు ఒళ్ళు, అల్యూమినియం మూత. 1960లలో మొదలైన ఈ మిశ్రమ రకం చాలా దేశాల్లో దశాబ్దాలపాటు సాగింది. ఎక్కడా అంటుకోకపోతే పూర్తి అల్యూమినియం. అల్యూమినియం క్యాన్‌ను కూర్స్ బీరు కంపెనీ 1959లో తెచ్చింది. రాయల్ క్రౌన్ 1964లో, కోక్, పెప్సీలు 1967లో దాన్ని అందుకున్నాయి.

తరవాత క్యాన్‌ను తలకిందులు చేయాలి. అడుగున కూడా పైమూతకు ఉన్నట్టే మడిచి బిగించిన అంచు ఉంటే అది మూడు ముక్కల క్యాన్: ఒక రేకును గొట్టంగా చుట్టి, కిందా పైనా రెండు మూతలు బిగించినది. అడుగు లోపలికి గిన్నెలా నొక్కుకుని, ఒంటితో ఏకంగా ఉంటే రెండు ముక్కల క్యాన్: బిళ్ళను అచ్చులో సాగదీసి ఒళ్ళూ అడుగూ ఒకటిగా చేసినది. మూడు ముక్కల క్యాన్‌కు పక్కన నిలువు అతుకు తప్పదు. ఆ అతుకు కూడా కాలం చెబుతుంది. పాతవాటిలో సీసం కలిసిన టంకం బూడిదరంగు గీతగా కనిపిస్తుంది, దాని పక్కన అచ్చు పడని పట్టీ వెడల్పుగా ఉంటుంది. 1960లలో జిగురుతో అతికించిన క్యాన్లు వచ్చాయి. వాటికి టంకం వేడి అక్కర్లేదు కాబట్టి బొమ్మ దాదాపు చుట్టూ పడుతుంది. విద్యుత్తుతో అతికినవాటిలో గీత సన్నగా, నల్లగా ఉంటుంది.

ఇక్కడ కతర్‌గామ్‌కు ఒక వెసులుబాటు ఉంది. వజ్రాల కార్ఖానాల్లో రత్నకళాకారులు రాయిని పరీక్షించడానికి వాడే పదిరెట్ల భూతద్దం, వాళ్ళ మాటలో ఐగ్లాస్, ఈ పేటలో ప్రతి వీధిలో కనిపించే పనిముట్టు. క్యాన్ల సేకర్తకు కూడా అంతకంటే మంచి సాధనం లేదు. మూడు ముక్కల క్యాన్ రేకును చదునుగా ఉన్నప్పుడే అచ్చు వేస్తారు కాబట్టి రంగు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఛాయాచిత్రంలాంటి మెత్తని ఛాయలు వస్తాయి. రెండు ముక్కల క్యాన్‌ను గొట్టంగా తయారయ్యాక, తిరుగుతుండగా అచ్చు వేస్తారు. అందులో రంగులు పక్కపక్కనే కూర్చుంటాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. భూతద్దంలో చూస్తే రెండు రంగుల మధ్య సన్నని గీతలా ఖాళీ కనిపిస్తుంది. కాగితం మీద అచ్చు వేసి పాత క్యాన్‌కు అతికించిన నకిలీ కూడా ఈ అద్దం కింద దొరికిపోతుంది: కాగితపు పీచు, అంచుల దగ్గర లేచిన పొర, నాలుగు రంగుల చుక్కల గుత్తులు.

మూత సంగతికి వస్తే, తొలినాటి మూత చదునుగా, ఏ తెరుపూ లేకుండా ఉండేది. కొక్కెం లాంటి పనిముట్టుతో రెండు త్రికోణపు రంధ్రాలు పొడిచి తాగేవాళ్ళు. డేటన్ నగరపు ఇంజనీరు ఎర్మల్ ఫ్రేజ్ మూతకే లాగే నాలుకను బిగించే ఉపాయం కనిపెట్టాడు. 1962లో పిట్స్‌బర్గ్ బీరు క్యాన్ల మీద అది బజారులోకి వచ్చింది. మొదట నాలుక, 1965 నుంచి వేలు పట్టే ఉంగరం. లాగిన ముక్క ఊడి చేతికొచ్చేది, దాన్ని నేల మీద పారేస్తే కాళ్ళకు గుచ్చుకునేది. 1970లలో గుండీలా నొక్కి తెరిచే మూతలు కొన్నేళ్ళు నడిచాయి. ఇప్పుడు మనం చూస్తున్న, ఊడకుండా మూతకే అంటుకుని ఉండే నాలుకను రేనాల్డ్స్ కంపెనీకి చెందిన డేనియల్ కుడ్జిక్ రూపొందించాడు. 1975లో లూయీవిల్‌లోని ఫాల్స్ సిటీ బీరుతో అది మొదలైంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ తేదీలన్నీ అమెరికావి. బ్రిటన్‌లో ఊడిపోయే ఉంగరం 1980ల చివరిదాకా ఉంది. గల్ఫ్‌లోనూ ఆసియా దేశాల్లోనూ ఇంకా తరవాత కూడా సాగింది. కాబట్టి దుబాయి నుంచి వచ్చిన క్యాన్‌కు ఊడిపోయే ఉంగరం ఉందని దాన్ని 1970లకు నెట్టేయకూడదు.

క్యాన్ మెడ ఇంకో సాక్ష్యం. పాత క్యాన్లు పైనుంచి కిందదాకా ఒకే వెడల్పుతో నిటారుగా ఉంటాయి. లోహం పొదుపు కోసం మూతను చిన్నది చేస్తూ పోయారు, దాంతో మెడ లోపలికి తిరిగింది. ఒంటి వ్యాసం 2 11/16 అంగుళాలైతే, మూత 1990ల నాటికి 2 2/16 అంగుళాలకు దిగింది. పరిశ్రమలో ఈ కొలతల్ని 211, 202 అని రాస్తారు. మూత వెడల్పు కొలవడానికి మామూలు స్కేలు చాలు.

చిన్న అక్షరాల్లో తేదీలు

లోహం దశాబ్దాన్ని చెబితే చిన్న అక్షరాలు సంవత్సరం దగ్గరికి తీసుకువెళతాయి. భారతీయ వస్తువుల విషయంలో మన ప్రభుత్వ నిబంధనలే మంచి పంచాంగం. అణాల్లో ధర ఉంటే 1957కు ముందుది. నయా పైసా అని ఉంటే 1957, 1964ల మధ్యది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతది. గరిష్ఠ ధర పక్కన స్థానిక పన్నులు అదనం అని ఉంటే 1990కి ముందుది, అన్ని పన్నులతో కలిపి అని ఉంటే ఆ తరవాతది. దేవనాగరి ర అక్షరాన్ని పోలిన రూపాయి గుర్తు 2010 జూలైలో వచ్చింది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు 2011 నుంచి. ఊళ్ళ పేర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. బొంబాయి 1995లో ముంబయిగా, మద్రాసు 1996లో చెన్నైగా, కలకత్తా 2001లో కోల్‌కతాగా మారాయి. పెద్ద కంపెనీల చిరునామాల్లో తరచు కనిపించే గుర్‌గావ్ 2016లో గురుగ్రామ్ అయింది. సూరత్ పేరు పక్కన బొంబాయి రాష్ట్రం అని ఉన్న పాత లేబులు దొరికితే అది 1960 మే 1కి ముందరిది, గుజరాత్ ఏర్పడింది ఆ రోజునే.

నిలువుగీతల బార్‌కోడ్‌ను 1974లో అమెరికా దుకాణాల్లో మొదటిసారి చదివారు. బార్‌కోడ్ ఉన్న క్యాన్ అంతకుముందుది కాదు. ఇతర దేశాల కోడ్లలో మొదటి అంకెలు దాన్ని ఏ దేశపు సంస్థ ఇచ్చిందో చెబుతాయి. భారతదేశానిది 890, సౌదీ అరేబియాది 628, ఎమిరేట్స్‌ది 629, కువైట్‌ది 627, ఒమన్‌ది 607, శ్రీలంకది 479, సింగపూర్‌ది 888. ఈ అంకెలు నమోదు చేసుకున్న చోటునే చెబుతాయి, తయారైన చోటును కాదు. ఈ తేడా మరిచిపోతే లెక్క తప్పుతుంది.

అతుకు పక్కనో, అడుగు అంచు పైనో గోరంత గుర్తుగా క్యాన్ తయారీదారు పేరు ఉంటుంది. దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ, కానీ ఇది చాలా నమ్మదగ్గ ఆధారం, ఎందుకంటే ఈ కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కుంటూ పేర్లు మార్చుకుంటూ వచ్చాయి. కార్నో మెటల్‌బాక్స్ 1989లో పుట్టి 1996లో క్రౌన్ చేతికి వెళ్ళింది. అమెరికన్ నేషనల్ క్యాన్‌ను 2000లో రెక్సామ్ కొన్నది. రెక్సామ్‌ను 2016 జూన్ 30న బాల్ కొన్నది. రెక్సామ్ పేరున్న క్యాన్ ఇంచుమించు ఈ మధ్యకాలానిది. మన దేశంలో పానీయాల క్యాన్ల తయారీ ముంబయి దగ్గరి తలోజాలో రెక్సామ్ కర్మాగారంతో ఊపందుకుంది. ఇప్పుడు బాల్‌కు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో కూడా కర్మాగారం ఉంది. తెలుగునేల మీద తయారైన క్యాన్లు ఇప్పుడు దేశమంతటా తిరుగుతున్నాయి, వాటిని ఇప్పటినుంచే దాచేవాళ్ళు ఉండాలి.

బ్రాండ్ల మార్పులు కూడా గుర్తుంచుకోవాలి. కోకాకోలా 1985 ఏప్రిల్‌లో రుచి మార్చి, జనం కోపానికి జడిసి జూలైలో పాత రుచిని క్లాసిక్ పేరుతో వెనక్కి తెచ్చింది. అమెరికా క్యాన్ల మీద ఆ క్లాసిక్ అన్న మాట 2009 దాకా ఉంది. పెప్సీ 1996లో అమెరికా బయట తన క్యాన్‌ను నిండు నీలానికి మార్చింది. అంతకుముందరి క్యాన్లలో తెలుపు ఎక్కువ.

ఒక క్యాన్‌ను చదివి చూద్దాం

సూరత్‌లోనూ, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల ఇళ్ళలోనూ ఒకప్పుడు షోకేసులో నిలబెట్టిన గల్ఫ్ క్యాన్ రకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. విదేశం నుంచి వచ్చినవాళ్ళు తాగేసిన డబ్బాను పారేయకుండా అద్దాల బీరువాలో పెట్టడం 1980లలో మామూలే. పెన్నులు వేసుకోవడానికి, తులసి మొలక నాటడానికి కూడా పనికొచ్చేది.

పెప్సీ క్యాన్, ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు అరబ్బీ. అయస్కాంతం ఒంటికి అంటుకుంది, మూతకు అంటలేదు. అడుగున బిగించిన అంచు ఉంది, అంటే మూడు ముక్కలది. పక్క అతుకు సన్నగా నల్లగా ఉంది, విద్యుత్ అతుకు. మూతలో కన్నీటి బొట్టు ఆకారంలో రంధ్రం ఉంది, నాలుక లేదు, ఊడిపోయే ఉంగరం అన్నమాట. బార్‌కోడ్ లేదు. తెచ్చిన తేదీ ఎవరికీ గుర్తులేదు. ఇన్ని ఆధారాలు కలిపితే 1970ల చివర, 1980ల మొదటి భాగం అని చెప్పవచ్చు. అడుగున అరబ్బీ అంకెల్లో తయారీ తేదీ కొట్టి ఉంటే అనుమానం పూర్తిగా తీరుతుంది. ఆ అంకెలు పది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. హిజ్రీ సంవత్సరం వేసి ఉంటే దాన్ని క్రీస్తు శకంలోకి మార్చుకోవాలి. హిజ్రీ 1400 మొదలైంది 1979 నవంబరులో.

ఇది పెప్సీ క్యాన్ కావడం కూడా యాదృచ్ఛికం కాదు. ఇజ్రాయెల్‌లో బాట్లింగ్‌కు అనుమతి ఇచ్చినందుకు అరబ్ లీగ్ కోకాకోలాను 1968 నుంచి 1991 దాకా బహిష్కరించింది. ఆ రెండు దశాబ్దాలు గల్ఫ్ బజారు పెప్సీది. అందువల్ల అరబ్బీ అక్షరాల కోకాకోలా క్యాన్ కనిపిస్తే అది ఈజిప్టుదో, లేక 1980ల చివర, ఆ తరవాతదో అయ్యే అవకాశమే ఎక్కువ. ఒక రాజకీయ నిర్ణయం ఇళ్ళ షోకేసుల్లో ఏ రంగు డబ్బా నిలబడాలో నిర్ణయించింది. ఈ అభిరుచిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇలాంటి సంబంధమే.

ఎక్కడ వెతకాలి

కతర్‌గామ్‌లో తుక్కు కొట్టును భంగార్ దుకాణం అంటారు, పాత కాగితాలు కొనేవాడు పస్తీవాలా. అక్కడ క్యాన్‌కు పెద్ద శత్రువు అల్యూమినియం ధర. తూకానికి అమ్ముడుపోతుంది కాబట్టి వచ్చిన క్యాన్ వచ్చినట్టే తొక్కి చదును చేసేస్తారు. ఉక్కు క్యాన్‌కు అంత విలువ లేక, ఒక్కోసారి ఆకారం చెడకుండా మిగులుతుంది. కొట్టువాడితో ముందే మాట్లాడుకుని, పాత డబ్బా వస్తే తొక్కకుండా పక్కన పెట్టమనడం, తూకం ధరకంటే కాస్త ఎక్కువ ఇవ్వడం ఒక్కటే దారి. అడిగే కాలం కూడా ముఖ్యం. గుజరాతీ ఇళ్ళలో దీపావళికి ముందు అటకలు దులుపుతారు. దీపావళి సెలవులకు వజ్రాల కార్ఖానాలు మూతపడి, సౌరాష్ట్ర కార్మికులు ఊళ్ళకు వెళ్ళేముందు గదులు ఖాళీ చేస్తారు. పాత సామాను బయటపడేది ఆ పక్షం రోజుల్లో. మన తెలుగు ఊళ్ళలో అదే పని భోగికి ముందు జరుగుతుంది.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో ఎక్కువ భాగాన్ని ముంచింది. నేల అంతస్తుల్లోని అట్టపెట్టెలూ కాగితపు లేబుళ్ళూ అలాంటి వరదను తట్టుకోవు. అందుకే ఈ నగరంలో పాత వస్తువు కోసం పై అంతస్తులూ అటకలూ చూడాలి. బురదలో నానిన ఉక్కు క్యాన్‌కు అడుగు అంచు వెంబడి లోపలి నుంచి తుప్పు వస్తుంది.

సూరత్ బయట, అహ్మదాబాద్‌లో ఎల్లిస్ బ్రిడ్జి దగ్గర సబర్మతి ఒడ్డున ఆదివారం జరిగే గుజరీ బజారు, ముంబయి చోర్ బజారు, హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత తిరిగి చూడదగ్గవి. అక్కడ చెప్పే కథలు వినాలి, ధర మాత్రం లోహాన్ని చదివాకే మాట్లాడాలి.

సోస్యో, దాని బంధువులు

సూరత్ సేకర్త విదేశీ క్యాన్ల వెంటపడి సొంత ఊరి వస్తువును వదిలేయడం పెద్ద లోటు. 1923లో అబ్బాస్ అబ్దుల్ రహీం హజూరీ సూరత్‌లో స్వదేశీ పానీయంగా మొదలుపెట్టినది 1927 నుంచి సోషియో, 1953 నుంచి సోస్యో. ద్రాక్ష, ఆపిల్ పులుపు కలిసిన ఆ రుచి దక్షిణ గుజరాత్ పాన్ గల్లాలకూ, ఇరానీ హోటళ్ళకూ అలవాటు. ఉధ్నా మగ్దల్లా రోడ్డు మీది కూడలికి సోస్యో సర్కిల్ అన్న పేరే స్థిరపడింది. 2023 జనవరిలో రిలయన్స్ వినియోగ వస్తువుల సంస్థ హజూరీ కంపెనీలో సగం వాటా తీసుకుంది.

సోస్యో చరిత్రలో క్యాన్ చాలా ఆలస్యంగా వచ్చిన అధ్యాయం. అసలు సంపద సీసాల్లో, మూతల్లో, చెక్క క్రేట్లలో, రేకు బోర్డుల్లో ఉంది. పేరు రాతలో 1953లో వచ్చిన మార్పు పాతవాటిని వేరుచేసే మొదటి గీత. గాజు మీద కాల్చిన రంగు అక్షరాలకూ కాగితపు లేబులుకూ తేడా చూడాలి. సీసా మూత లోపలి భాగం కూడా చూడాలి: పాతవాటిలో బెండు చెక్క బిళ్ళ, తరవాతివాటిలో ప్లాస్టిక్ పూత. రిలయన్స్ చేతికి రాకముందరి లేబుళ్ళలో హజూరీ అండ్ సన్స్ అన్న పేరు ఎక్కడ, ఎలా ఉందో గమనించి ఫోటోలు తీసిపెట్టుకునే పని సూరత్ సేకర్తలు ఇప్పుడే చేయాలి.

ఇలాంటి ప్రాంతీయ పానీయాలు దేశమంతటా ఉన్నాయి. రామచంద్రపురంలో 1919 నాటి సోడా వ్యాపారం నుంచి ఎదిగి 1955లో ఆ పేరు పెట్టుకున్న మన గోదావరి ఆర్టోస్, తమిళనాడులో కాళీమార్క్ వారి బొవొంటో, ముంబయిలో 1865 నుంచి ఉన్న పల్లోంజీ, 1994లో పెప్సీకి అమ్ముడైన డ్యూక్స్ అలాంటివే. వీటి వెనక గోలీ సోడా ఉంది. హైరమ్ కాడ్ 1870లలో బ్రిటన్‌లో రూపొందించిన ఆ సీసా పుట్టిన దేశంలో మ్యూజియం వస్తువైనా, మన సందుల్లో ఇంకా చప్పుడు చేస్తోంది. క్యాన్ల సేకర్త అల్మారాలో ఒక గోలీ సీసా ఉండి తీరాలని నా అభిప్రాయం.

మోసం, పొరపాటు

కావాలని చేసే నకిలీలకంటే కంపెనీలే విడుదల చేసే పాతకాలపు బొమ్మల క్యాన్లు ఎక్కువమందిని పక్కదారి పట్టిస్తాయి. పెప్సీ 2018లో గత దశాబ్దాల బొమ్మలతో క్యాన్లు తెచ్చింది, కోకాకోలా కూడా వార్షికోత్సవాలకు అలాంటివి తెస్తూనే ఉంది. 1940ల అక్షరాలు ఉన్న క్యాన్‌కు ఊడని నాలుక, ఇరుకు మెడ, బార్‌కోడ్ ఉంటే అది జ్ఞాపిక మాత్రమే. మన దగ్గర ఇప్పుడు కాంపా అలాంటి చిక్కే తెచ్చిపెట్టింది. రిలయన్స్ 2022లో ఆ బ్రాండును కొని మరుసటి ఏడు తిరిగి బజారులో పెట్టింది. పేరు పాతది, క్యాన్ కొత్తది. 14 అంకెల లైసెన్సు నంబరు చూస్తే చాలు, తేలిపోతుంది.

దాచుకోవడం

నిండు క్యాన్‌ను అలాగే దాచాలన్న కోరిక సహజం, కానీ అది క్యాన్‌కు చేటు. లోపలి పూతలో కంటికి కనబడని పగులున్నా ఆమ్లం లోహాన్ని తింటూ ఉంటుంది. ఏదో ఒక రోజు సూదిమొనంత రంధ్రం పడి, కారిన పానీయం పక్కనున్న క్యాన్లను కూడా పాడుచేస్తుంది. అందుకే సేకర్తలు మూతను ముట్టుకోకుండా, అడుగున మేకుతో రెండు చిన్న రంధ్రాలు పొడిచి పానీయం వంపేస్తారు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తలకిందులుగా ఆరబెడతారు. ఈ పనికి ముందే అడుగున ఇంకుతో కొట్టిన తేదీని ఫోటో తీసుకోవాలి. తడిగుడ్డకూ స్పిరిట్‌కూ అది చెరిగిపోతుంది.

తుప్పు పట్టిన ఉక్కు క్యాన్లను ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టే పద్ధతి విదేశాల్లో ఉంది. ఆ ద్రావణం విషం, చేతి తొడుగులు లేకుండా, పిల్లలున్న ఇంట్లో చేయకూడదు. ఎక్కువసేపు నానితే రంగు కూడా పోతుంది. పళ్ళపొడి, ఇసుక, పీచుతో తోమడం అసలే వద్దు. నా మట్టుకు తుప్పు ఉన్నా అక్షరాలు నిలిచిన క్యాన్ మేలు. తోమి మెరిపించి అక్షరాలు పోగొట్టిన క్యాన్ సేకరణలో ఎందుకూ కొరగాదు. సూరత్ గాలిలో సముద్రపు ఉప్పు, వానాకాలపు తేమ రెండూ ఉంటాయి కాబట్టి గాజు తలుపుల అల్మారాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, వానలు మొదలయ్యేముందు మార్చాలి. నేరుగా ఎండ తగిలేచోట పెడితే రంగులు వెలుస్తాయి, ముఖ్యంగా ఎరుపు. ప్లాస్టిక్ సంచిలో చుడితే తేమ లోపలే ఉండిపోతుంది.

అంతర్జాతీయంగా స్థితిని ఒకటి నుంచి ఐదు దాకా దర్జాలుగా కడతారు, ఒకటి మేలైనది. ఇంట్లో దాచినదీ, మట్టిలో తవ్వి తీసినదీ వేర్వేరుగా చూస్తారు. భారతీయ క్యాన్లకు ఈ దర్జాలను కచ్చితంగా పట్టించుకోవడం నాకు సబబుగా తోచదు. ఇక్కడ మిగిలినవే తక్కువ, నొక్కుపడిన లెహర్ పెప్సీ క్యాన్ కూడా దాచదగ్గదే.

సూరత్‌లోగానీ మరెక్కడగానీ ఉన్న తెలుగు పాఠకులకు ఒక మనవి. అటక మీద పాత డబ్బా కనిపిస్తే భంగార్‌కు వేసేముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. దాన్ని ఎవరు, ఏ దేశం నుంచి, ఏ సంవత్సరం ప్రాంతంలో తెచ్చారో ఒక కాగితం మీద రాసి, క్యాన్‌కు అతికించకుండా మడిచి లోపల వేయండి.